బొమ్మ చేత నీతులు చెప్పించకండి

బడిలో బొమ్మలాట పెట్టిద్దాం అనగానే ముందు వచ్చే ప్రశ్న "ఇందులో మెసేజ్ ఏంటి?" అనే. చేతులు కడుక్కోవడమో, రోడ్డు దాటడమో, చెత్త ఎక్కడ వెయ్యాలో, ఏదో ఒకటి ఉండి తీరాలి. సర్కస్ కళాకారులను పిలిచినా అంతే, మూడు బంతులు ఎగరేస్తూ ఒక్కో బంతికి ఒక్కో మంచి అలవాటు పేరు పెట్టమంటారు. బడివాళ్ల ఇబ్బందీ తెలుసు, రెండు పీరియడ్లు పోయినందుకు లెక్క చూపించాలి కదా. కానీ ఆరు నుంచి పదేళ్ల పిల్లలకి ఈ కళల వల్ల దక్కేది ఆ మెసేజ్‌లో లేదు, పైగా అది ఎక్కువైనకొద్దీ అసలుది తగ్గిపోతుంది.

జపాన్ సంప్రదాయ బొమ్మలాట బున్రాకు చూడండి. ఒక్క బొమ్మను ముగ్గురు ఆడిస్తారు: ఒకరు తల, కుడిచెయ్యి, ఇంకొకరు ఎడమచెయ్యి, మూడో మనిషి కాళ్లు. ముగ్గురూ ప్రేక్షకుల కళ్లెదుటే ఉంటారు, తల పట్టుకున్న పెద్ద కళాకారుడికి చాలాసార్లు ముసుగు కూడా ఉండదు, అయినా కాసేపటికి చూపంతా బొమ్మ మీదే. చిన్నపిల్లల దగ్గర ఇది మరీ తొందరగా జరుగుతుంది. ఆడించే మనిషి పక్కనే కనిపిస్తున్నా ఒకటో తరగతి పిల్ల బొమ్మకే జవాబు చెబుతుంది. అది చెక్కా గుడ్డా అని తనకి తెలుసు, అయినా దానికి దెబ్బ తగిలితే అయ్యో అంటుంది. రేపు కథల పుస్తకం పట్టుకున్నప్పుడు కావలసింది కూడా ఈ తెలిసీ నమ్మడమే. దీని వెనక మెళకువ చిన్నదే: మాట్లాడేముందు బొమ్మ ఊపిరి తీసుకున్నట్టు కొంచెం పైకి లేవాలి, ఎవరితో మాట్లాడుతోందో వాళ్ల వైపే చూడాలి. ఆ చూపు తప్పిందా, వెనక వరుసల్లో గుసగుసలు మొదలవుతాయి. ఇంత కష్టపడి బతికించిన బొమ్మ ఉన్నట్టుండి ఇటు తిరిగి "కాబట్టి బాలలూ..." అందనుకోండి, ఇక అక్కడ మిగిలేది టీచరు చేతికున్న తొడుగే.

బొమ్మ బోధనకి పనికిరాదని కాదు. పెద్దవాళ్లకి చెప్పని భయాలు పిల్లలు బొమ్మకి చెబుతారు, ఆసుపత్రుల్లో ఇంజెక్షన్ గురించి బొమ్మలతో వివరించేదీ అందుకే. అయితే అక్కడ మాట్లాడేది ఎక్కువగా పిల్లలు.

సర్కస్‌కి వస్తే, అందులో నాకు నచ్చేది కింద పడటం. తరగతిలో తప్పు చేస్తే ఎర్ర గీత పడుతుంది, ఇక్కడ బంతి అందరి ముందూ జారిపోతుంది, కళాకారుడు వంగి తీసుకుని మళ్లీ మొదలెడతాడు, మంచి జోకరైతే కావాలనే జారవిడుస్తాడు. ఆ తర్వాత పిల్లల చేతికి ఒక నెమలి ఈక ఇచ్చి వేలి మీద నిలబెట్టమనండి. అందరూ ముందు వేలినే చూస్తారు, ఈక వాలిపోతుంది. కళ్లు పైకొస మీద పెట్టమని ఒక్క మాట చెబితే నిలబడుతుంది. ఈక మెల్లగా వాలుతుంది కాబట్టి చెయ్యి సర్దుకోవడానికి టైమ్ దొరుకుతుంది, జగ్లింగ్ నేర్పేవాళ్లు బంతుల కన్నా ముందు పల్చటి రుమాళ్లు ఇవ్వడానికీ కారణం ఇదే. కాసేపయ్యాక ఎవరో ఒకరు పెన్సిల్‌తో ప్రయత్నించి, పొడుగు కర్ర కన్నా పొట్టి పెన్సిల్‌ని నిలబెట్టడమే కష్టమని తామే కనిపెడతారు. దీనికి "ఓర్పు" అని బోర్డు తగిలించాలా?

ఇంకో గొడవ, జనం ఎక్కువైపోవడం. ఆధునిక సర్కస్‌కి ఆద్యుడనే ఫిలిప్ ఆస్ట్లీ 1768లో లండన్‌లో గుర్రపు విన్యాసాలు మొదలుపెట్టాక స్థిరపడిన సర్కస్ వలయం వ్యాసం 42 అడుగులు, అంటే దాదాపు 13 మీటర్లు. గుర్రం ఆ చుట్టు తిరుగుతున్నప్పుడు దాని వీపు మీద రౌతు నిలబడటానికి వీలైన కొలత అది, దానివల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకీ ఆట దగ్గరగా కనబడింది. మనం మాత్రం బడి మొత్తాన్ని మైదానంలో కూర్చోబెట్టి, అడుగు పొడవు బొమ్మకి మైకు తగిలిస్తాం. పదో వరుస దాటాక బొమ్మ ఎటు చూస్తోందో తెలియదు, మిగిలేది స్పీకరు గోల. ఒకే రోజు తరగతులు విడదీసి రెండు మూడుసార్లు ఆడించుకోవడం మేలు.

ప్రత్యక్ష ప్రదర్శన వల్ల నిజంగా లాభం ఉందా అంటే, అమెరికాలోని అర్కాన్సా విశ్వవిద్యాలయ పరిశోధకులు లాటరీ పద్ధతిలో కొందరు విద్యార్థులను నాటకానికి పంపి చూశారు. వెళ్లినవాళ్లకి కథా, అందులోని పదాలూ మెరుగ్గా తెలిశాయి, ఎదుటివాళ్ల మనసు గ్రహించడంలోనూ కొంత ముందున్నారు. అయితే వాళ్లు ఏడో తరగతి, ఆపైన చదివే పిల్లలు, ఆ ఫలితాన్ని ఒకటో తరగతికి ఉన్నదున్నట్టు అంటగట్టలేం.

ఆట అయ్యాక "ఏం నేర్చుకున్నారో చెప్పండి" అని మైకు చేతికివ్వడం మానేయొచ్చు. ఆ పావుగంట బొమ్మ లోపలి కర్రలూ దారాలూ చూపించమని, ఒకసారి పట్టుకోనివ్వమని బృందాన్ని అడగండి. ముందే మాట్లాడుకోండి సుమా, చివర్లో అడిగితే వాళ్లు సామాను సర్దుకునే హడావిడిలో ఉంటారు.