‘లేను’ లేని తెలుగు కావాలి

నెల రోజులుగా నేను ‘చేయలేను’ అన్న మాట వాడడం లేదు. ‘లేదు’ అని ఇప్పుడే వాడాను కదా అనకండి. శిక్షకుడు విధించిన నిషేధం ఉత్తమ పురుషకే వర్తిస్తుంది. ఇతరులు ఏం చేయలేరో ఎంతసేపైనా చెప్పుకోవచ్చు.

సానుకూల దృక్పథం మీద ఆ శిక్షణ మా ఆఫీసులో ఒక రోజంతా జరిగింది. చెంపకు మైకు అంటించుకున్న ఒకాయన గది నాలుగు మూలలా తిరుగుతూ, మనిషి ఓటమి అంతా నాలుక చివరే ఉందని, ఆ ఒక్క ముక్కను సరిచేసుకుంటే మిగతాది దానంతటదే సర్దుకుంటుందని చెప్పాడు. మధ్యాహ్నానికల్లా మేమంతా లేచి నిలబడి, పిడికిళ్లు బిగించి, ‘చేయగలం!’ అని అరిచాం. ఏమి చేయగలమో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. అడగడం ప్రతికూల ఆలోచన కిందికి వస్తుందని అప్పటికే మాకు బోధపడింది. గదిలో ఏసీ ఉదయం నుంచి పనిచేయడం లేదు. ఆ సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు.

ఈ విద్య కొత్తదేమీ కాదు. ఎమిల్ కూయే (1857-1926) అనే ఫ్రెంచి ఔషధ విక్రేత, మందు ఇచ్చేటప్పుడు దాన్ని నాలుగు మాటలు పొగిడి ఇస్తే రోగికి గుణం ఎక్కువగా కనిపిస్తోందని గమనించాడు. అక్కడి నుంచి ముందుకు వెళ్లి, ‘ప్రతిరోజూ, అన్ని విధాలా నేను మెరుగవుతున్నాను’ అని పొద్దున లేవగానే ఇరవైసార్లు, రాత్రి పడుకునే ముందు ఇరవైసార్లు అనుకోమన్నాడు. లెక్క తప్పకుండా ఇరవై ముళ్లు వేసిన తాడు దగ్గర పెట్టుకోవాలి. పొగడ్తతో పాటు ఆయన మందు కూడా ఇచ్చేవాడన్న విషయం తర్వాతి తరాల గురువులకు అంత ముఖ్యంగా తోచినట్టు లేదు.

1977లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త ఇంకో ఇబ్బందికరమైన మాట అన్నాడు. ‘నేను చేయగలను’ అనే నమ్మకానికి అన్నిటికంటే గట్టి ఆధారం, ఆ పనిని అంతకుముందు ఒకసారి చేసి ఉండడమేనట. ఇతరులు ఇచ్చే ప్రోత్సాహం కూడా పనిచేస్తుంది గానీ, అంత బలంగా కాదు. ఈ లెక్కన ముందు పని, తర్వాత నమ్మకం. పని కంటే పిడికిలి తేలిక కాబట్టి మేము వరుస తిరగేశాం.

నెల రోజులు దీక్షగా ఉండి ఆలోచించగా, దోషం మనుషుల్లో లేదని, మన వ్యాకరణంలో ఉందని నాకు తేలింది. కాదు, లేదు, రాదు, వద్దు, కూడదు, చాలదు, చెల్లదు! ఒక్కో నిరాకరణకు ఒక్కో క్రియను పెంచి పోషించిన భాష మనది. పోనీ అవైనా స్పష్టంగా ఉన్నాయా? ‘ఆమె ఆ పని చేయలేదు’ అంటే, నిన్న చేయలేదనా, ఎన్నటికీ చేతకాదనా? రెండింటికీ అదే మాట. మా విభాగంలో ఒకావిడ సెలవులో ఉన్న రోజు నేను ఈ వాక్యాన్ని మొదటి అర్థంలో వాడాను. పై అధికారి చెవిలో అది రెండో అర్థంలో పడింది. ఆవిడ సెలవు ముగించుకుని వచ్చేసరికి బల్ల మీద నైపుణ్యాభివృద్ధి తరగతుల కాగితం సిద్ధంగా ఉంది. మగవాళ్లకు ఈ ప్రమాదం లేదు. ‘చేయలేదు’ వేరు, ‘చేయలేడు’ వేరు. మగవాడి సోమరితనాన్ని అసమర్థతగా పొరబడకుండా భాష ఎంత జాగ్రత్త తీసుకుందో చూడండి.

ఇక ‘గలరు’ సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక లేఖ వచ్చింది: ‘పూర్తి వివరాలు రేపటిలోగా పంపగలరు.’ నా సామర్థ్యం మీద ఒక అపరిచితుడికి ఇంత నమ్మకమా అని పొంగిపోయాను. దాచుకున్నాను కూడా. అది ఆజ్ఞ అని ఎల్లుండి తెలిసింది. గమనించగలరు, సహకరించగలరు, హాజరు కాగలరు! సానుకూల దృక్పథాన్ని మన కార్యాలయాలు ఏ శిక్షకుడూ పుట్టకముందే కనిపెట్టి ఉంచాయి. ఎదుటివాడు ఏం చేయగలడో వాడిని అడగకుండా వాడి తరఫున ప్రకటించేయడమే ఆ పద్ధతి. ‘పంపగలరు’ అన్నాక ‘పంపలేనండీ’ అంటే, పని తప్పించుకోవడమే కాదు, పైవారి జోస్యాన్ని అబద్ధం చేసిన పాపం కూడా చుట్టుకుంటుంది.

అయితే ‘చేయగలను’లో ఒక లోపం ఉందని సీనియర్లు నాకు చెవిలో చెప్పారు. చివరన ఉన్న ఆ ‘ను’ దగ్గర మనిషి దొరికిపోతాడు. అనుభవం ఉన్నవాళ్లు ‘అవుతుంది’ అంటారు. శుక్రవారానికి అవుతుందా? అయిపోతుంది. శుక్రవారం అడిగితే, అయిపోయినట్టే. సోమవారం అడిగితే, అయిపోవచ్చింది. ఎంత నిండైన ఆశాభావమో చూడండి! ఇందులో ఎక్కడా మనిషి అలికిడి లేదు. పని అనేది వాన లాగా, పొద్దుపొడుపు లాగా దానంతటదే జరిగేది. మనం గొడుగు పట్టుకుని నిలబడితే చాలు.

ఈ ‘అవుతుంది’ మీద పరిశోధకులు కూడా కన్నేశారు. పనికి పట్టే సమయాన్ని మనిషి తక్కువగా అంచనా వేసుకునే ఈ గుణానికి డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్స్కీ 1979లోనే ఒక పేరు పెట్టారు. ప్రణాళికా భ్రమ అనుకోవచ్చు. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో, సిద్ధాంత వ్యాసాలు రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే? దాదాపు 49 అన్నారు. చివరికి పట్టింది 55 రోజులు దాటింది. అంటే వాళ్లు పీడకలలో ఊహించుకున్న గడువు కూడా వాస్తవం కంటే ఆరేడు రోజులు ఆశావహంగానే ఉంది. మనిషి నిరాశపడడానికి ప్రయత్నించి అందులోనూ విఫలమయ్యాడు! ఇలాంటి జాతికి సానుకూల దృక్పథం తక్కువైందని డబ్బు తీసుకుని చెబుతున్నవారి ధైర్యానికి నేను నమస్కరిస్తున్నాను.

ఈ ‘అవుతుంది’ పక్షాన కూడా ఒక గొప్ప సాక్ష్యం ఉంది, దాచను. సిడ్నీ ఒపేరా హౌస్ 1963కల్లా 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో పూర్తవుతుందన్నారు. 1973లో 10 కోట్ల 20 లక్షలతో పూర్తయింది. పదేళ్లు ఆలస్యం, పద్నాలుగు రెట్లకు పైగా ఖర్చు; అసలు వాస్తుశిల్పి మధ్యలోనే వెళ్లిపోయాడు. ఆ లెక్క మొదటి రోజే నిజంగా చెప్పి ఉంటే అక్కడ ఒక్క రాయి కూడా లేచి ఉండేది కాదేమో. ఇప్పుడు దాని ముందు నిలబడి ఫొటో దిగేవారిలో ఎవరూ ఆ పదేళ్ల గురించి అడగరు. కాబట్టి అబద్ధపు ‘అవుతుంది’ ఒక్కోసారి అందమైన భవనాన్నే ఇస్తుంది. మనం ఇస్తామన్న శుక్రవారం నివేదిక కూడా ఆ కోవలోకే వస్తుందని మా విభాగం మొత్తం నమ్ముతోంది.

ఈ సందర్భంలో, సరిగా నిర్వహించని ఒక పాత సమావేశం గురించి చెప్పాలి. సీతను వెతుకుతూ దక్షిణ సముద్రపు ఒడ్డుకు చేరిన వానరులు, ఎవరెంత దూరం దూకగలరో చెప్పుకున్నారు. గజుడు పది యోజనాలన్నాడు. గవాక్షుడు ఇరవై అన్నాడు. అలా పదేసి చొప్పున పెరుగుతూ జాంబవంతుడి దగ్గరికి వచ్చేసరికి, వయసు మీద పడింది, తొంభై అన్నాడాయన. అంగదుడు నూరు యోజనాలూ దూకగలనన్నాడు గానీ, తిరిగి రావడం అనుమానమే అన్నాడు. యువరాజు అనవలసిన మాటేనా అది? ఎవరూ పిడికిలి బిగించలేదు. పది అన్నవాడిని చూసి ఎవరూ ఫక్కున నవ్వలేదు. ఒక్కడు మాత్రం ఏమీ మాట్లాడకుండా దూరంగా కూర్చున్నాడు. మా ఆఫీసులో అయితే వార్షిక మదింపులో అతనికి ‘చొరవ లేదు’ అని రాసేవాళ్లు. లెక్కలన్నీ విన్న జాంబవంతుడు చివరికి అతని దగ్గరికే వెళ్లాడు. అదే మా శిక్షకుడు ఆ ఒడ్డున ఉండి ఉంటే, పొద్దు వాలేలోగా గజుడితో కూడా నూరు అనిపించేవాడు. ఆ తర్వాత జరిగేదంతా సముద్రం చూసుకునేది.

1986 జనవరి 27 రాత్రి అమెరికాలో అలాంటి సమావేశమే ఫోను మీద జరిగింది. ఛాలెంజర్ వ్యోమనౌక మర్నాడు బయలుదేరాలి. చలి ఎక్కువగా ఉంది, రాకెట్ల అతుకులను మూసి ఉంచే రబ్బరు రింగులు బిగుసుకుపోవచ్చు, ఇప్పుడు వద్దు అని బూస్టరు రాకెట్ల ఇంజనీర్లు చెప్పారు. వాళ్ల కంపెనీలోనే ఒక ఉన్నతాధికారి తోటి అధికారితో, ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నాడు. టోపీ మారింది, జవాబు మారింది. మర్నాడు బయలుదేరిన 73 సెకన్లకు నౌక విచ్ఛిన్నమై ఏడుగురు చనిపోయారు. ప్రమాదానికి ఉన్న అవకాశం ఎంత అన్న ప్రశ్నకు యాజమాన్యం లెక్క లక్షలో ఒకటి, ఇంజనీర్ల లెక్క సుమారు వందలో ఒకటి అని, విచారణ సంఘంలో ఉన్న భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ తర్వాత బయటపెట్టాడు. నాసా ఏదైనా చేయగలదేమో గానీ అన్నీ చేయలేదని విచారణ సంఘం నివేదికలో రాశారు. ఈ పేరా మీద నేను వ్యంగ్యం రాయలేను. అవును, ఆ మాట వాడేశాను. నెల రోజుల దీక్ష ఇక్కడ భంగమైంది, శిక్షకుడు గమనించగలరు.

దీక్ష నిలిచి ఉన్న రోజుల్లో జరిగిన ఒక సంఘటన మిగిలింది. ఒక ఆదివారం మా వంటింటి కుళాయి కారడం మొదలుపెట్టింది. రెంచి పట్టుకుని నేను లేచాను.

“నాన్నా, నీకు ఆ పని వచ్చా?” అని మా అమ్మాయి అడిగింది.

“రావడం వేరు, చేయగలగడం వేరు తల్లీ” అన్నాను. ఇరవైసార్లు అనుకున్నాను కూడా; తాడు లేదు కాబట్టి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఆపైన గట్టిగా తిప్పాను. కుళాయి నా చేతికి వచ్చింది. నీళ్లు నా ముఖానికి వచ్చాయి. ఆ తర్వాత బొటనవేలు పైపులో దూర్చి నిలబడడం తప్ప నాకు వేరే కార్యక్రమం లేకపోయింది. ప్లంబరుకు ఫోను చేసింది మా అమ్మాయే.

ఆయన వచ్చి, వంగి, గోడ మీద ఒకసారి వేళ్లతో కొట్టి చూశాడు. “ఇది ఇవాళ నా వల్ల కాదండీ. లోపల పైపు పగిలింది. గోడ తవ్వాలి, రేపు ఇంకో మనిషిని తీసుకురావాలి. ఇప్పుడు నీళ్లు కట్టేసి వెళ్తాను, అంతే” అన్నాడు.

జాలేసింది. ఒకే గుక్కలో ఇంత ప్రతికూలత నేను ఎవరి దగ్గరా వినలేదు. ఆలోచన మార్చుకుంటే గోడ కూడా మారుతుందని చెప్పడానికి నోరు తెరిచాను, నీళ్లు పోయాయి. ఆయన ఈలోగా మెయిన్ వాల్వు ఎక్కడని మా అమ్మాయిని అడిగి, తనకు తెలియదంటే, వెతకడానికి బయలుదేరుతూ గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగాడు.

“ఆ వేలు ఇంకో పది నిమిషాలు అలాగే ఉంచగలరా?”

ఉంచగలరు అనలేదు. ఉంచగలరా అన్నాడు. జవాబు కోసం ఆగాడు కూడా.

నేను వేలు వైపు చూసుకున్నాను. అప్పటికే తిమ్మిరెక్కుతోంది.

“ఐదు” అన్నాను.