రంగు చూపని తెర మాకెందుకు?

చిన్న ముద్రణ, డిజైన్ పనికి కంప్యూటర్ కావాలని అడిగితే, అమ్మేవారు అందులో ఆటలు ఎంత వేగంగా ఆడతాయో ఎందుకు చెబుతారు? మేము ఆడుకోవడానికి కొంటున్నామా? 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఏ3 పేజీని ముద్రణకు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో తెరిస్తే ఒక్క నిండు లేయరే (డిజైన్‌లో ఒక పొర) దాదాపు 70 ఎంబీ అవుతుంది. అలాంటివి 30 పేర్చితే 2 జీబీ దాటుతుంది, ఆపైన ఫాంట్లు, పక్కన తెరిచిన పీడీఎఫ్‌లు ఉండనే ఉన్నాయి. అయినా తెరిచిన ఫైళ్లను పట్టి ఉంచే ర్యామ్ 8 జీబీ చాలునని ఎంత ధీమాగా చెబుతారో! దానిని తరువాత పెంచుకుందామంటే, మదర్‌బోర్డుకే టంకం వేసి ఉందన్న సంగతి కొన్నాక గాని బయటపడదు.

ఇక తెర మాట ఎవరూ ఎత్తరు. నా మొదటి కంప్యూటర్‌లో ముదురు మెరూన్‌గా కనిపించిన ఆహ్వానపత్రిక కాగితం మీద ఇటుక రంగులో దిగింది. 500 ప్రతులనూ నా ఖర్చుతోనే మళ్లీ వేయించాను. తల కాస్త పక్కకు జరిపితే రంగు మారిపోయే టీఎన్ ప్యానెల్ రకం తెరను డిజైన్ పనికి అంటగట్టడం అన్యాయం కాదా? తెరలకు ప్రామాణికమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో ఎంత శాతం చూపుతుందో పెట్టె మీద రాయడానికి ఏమి అడ్డం? కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉండగా, ఫైలు సగం సేవ్ అయి ఆగిపోయిన తెరను చూస్తూ పడే బాధ అమ్మినవారికి ఎలా తెలుస్తుంది?