చప్పుడు చేయని ఫ్లాపీ

మొన్న ఆదివారం సంగతి. ఇప్పటికీ ఎవరైనా 'ఏ (A) డ్రైవ్' అంటే చాలు, నా చెవులు వేడెక్కుతున్నాయి.

మామయ్య ఒకప్పుడు తెనాలిలో డీటీపీ సెంటర్ నడిపాడు. 1999లో తన పెళ్లి శుభలేఖ తానే కంపోజ్ చేసుకున్నాడు. ఆ ఫైలున్న ఫ్లాపీ, అదే పాతకాలపు చదరపు డిస్కు, తెచ్చి నా చేతిలో పెట్టాడు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి కొన్నాను. పాత కంప్యూటర్‌లా నటించే ఎమ్యులేటర్‌లో విండోస్ 98 ఎక్కించాను, దాంట్లో శుభలేఖ తెరవడానికి పేజ్‌మేకర్ కూడా. ఎలా అని అడక్కండి, మూడు రాత్రులు పోయాయి.

మామయ్యను పక్కన కూర్చోబెట్టి, ఫ్లాపీ కనిపించే 'ఏ డ్రైవ్' బొమ్మ మీద డబుల్ క్లిక్ కొట్టాను. డిస్క్ ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చేయనా అని అడిగింది. ఏ పెట్టె కనబడినా చదవకుండా 'ఎస్' కొట్టడం నాకు అలవాటు. బ్యాంకు యాప్ నిబంధనలన్నీ అలాగే ఒప్పుకున్నాను, ఇంకేం ఒప్పుకున్నానో దేవుడికే తెలియాలి. కొట్టేశాను. ఇంకో పెట్టె వచ్చి 'స్టార్ట్' అంది. అదీ నొక్కాను. రెండు సెకన్లలో ఫార్మాట్ పూర్తి.

అప్పుడు వెలిగింది, నేనేం చేశానో.

మామయ్య ముఖం చూసే ధైర్యం లేక మౌస్ ప్యాడ్ సర్దుతూ కూర్చున్నాను. ఏమని చెప్పాలి? శుభలేఖ పోతే పోయింది, పెళ్లి అయిపోయిందిగా అనాలా? వంటింట్లో అత్తయ్య పోపు వేస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు.

"ఒరేయ్," అన్నాడు మామయ్య, "ఫార్మాట్ అంటే నిమిషంన్నర పనిరా. 80 ట్రాకులు, ఒక్కోటి దాటినప్పుడల్లా టక్కుమనాలి. నేను ఈలోగా టీ తాగి వచ్చేవాణ్ణి. ఇది కనీసం గుర్రుమనలేదేం?"

కళ్లజోడు తీసి డ్రైవ్‌కి చెవి ఆనించాడు, డాక్టరు రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టినట్టు. లైటు కూడా వెలగలేదు. ఫ్లాపీ బయటికి లాగి మూల చూపించాడు. "పైగా ఈ కన్నం తెరిచే ఉంది. దీనిమీద రాయడం బ్రహ్మ వల్ల కూడా కాదు."

తీరా చూస్తే, శుక్రవారం రాత్రి ప్రయోగం కోసం నేనే తయారుచేసిన 1.44 ఎంబీ ఖాళీ ఇమేజ్ ఫైలు, అంటే ఫ్లాపీలా నటించే ఫైలు, ఎమ్యులేటర్‌కి ఇంకా తగిలించే ఉంది. ఫార్మాట్ అయింది అది. అసలు డ్రైవ్ కావాలంటే సెట్టింగుల్లో 'హోస్ట్ డ్రైవ్' అని విడిగా ఎంచుకోవాలట. ఉత్తుత్తి ఫ్లాపీకీ అసలు ఫ్లాపీకీ ఒకే బొమ్మ పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనింట్లో ఉప్పూ పంచదారా ఒకే రకం డబ్బాల్లో ఉంటాయని నా అనుమానం.

మార్చాను. డ్రైవ్ గర్‌ర్‌ర్ టక్ టక్ అంది. మామయ్య కళ్లు మూసుకుని విన్నాడు. ఫైలు తెరిచాను. శ్రీరస్తు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ కామాలూ డాలర్ గుర్తులూ కలిసి కొట్టుకుంటున్నాయి.

"తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు వేశావా?" అన్నాడు మామయ్య.

"అవెక్కడున్నాయి?"

"ఇంకో ఫ్లాపీలో. తెనాలిలో, అటక మీద."