ఈ వయసులో ఆపరేషనా?

గుంటూరు కొత్తపేట ఆస్పత్రుల వీధుల్లో ఇది రోజూ కనిపించేదే. గర్భసంచి క్యాన్సర్ అని తేలిన, డెబ్బై దాటిన తల్లి ఫైలు ఒళ్లో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంటుంది. లోపల కొడుకు డాక్టరును అడుగుతుంటాడు: 'ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటుందా అండీ? మందులతో సరిపెట్టలేమా?' అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే జవాబు ఆమె ఆధార్ కార్డులో దొరకదు. ఆ కార్డుల్లో పుట్టిన సంవత్సరం ఎంతమందికి సరిగ్గా ఉందన్నది వేరే సంగతి.

గర్భసంచి లోపొర క్యాన్సర్ ఎక్కువగా ముట్లుడిగిన తర్వాతే వస్తుంది. ఆగిపోయిన బ్లీడింగ్ మళ్లీ కనిపించడమే దాని తొలి హెచ్చరిక. అలా కనిపించిన వాళ్లలో నూటికి తొంభై మందికి క్యాన్సర్ ఉండదు. మిగతా వాళ్లెవరో తేలాలంటే స్కానింగ్, అవసరమైతే బయాప్సీ చేయాలి. మన ఇళ్లలో మాత్రం చీరకంటిన మరకను ఆమే గుట్టుగా ఉతికేసుకుంటుంది. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగుతుంది. కోడలి కంటపడేసరికి నెలలు గడిచిపోతాయి.

తొలిదశలో గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషనే అసలు వైద్యం. పెద్దవయసులో ఫలితాలు కొంత తగ్గుతాయన్నది నిజమే. మొండి రకం కణితులు వాళ్లలో ఎక్కువ. అయితే వయసు చూసి, క్యాన్సర్ పాకిందేమో తేల్చే లింఫ్ గ్రంథుల పరీక్ష మానేయడం, తర్వాతి రేడియేషన్ వద్దనుకోవడం కూడా వాళ్ల విషయంలోనే ఎక్కువ. సగం వైద్యం చేసి, నష్టాన్ని వయసు ఖాతాలో రాసేస్తున్నాం.

డెబ్బై అయిదేళ్ల మనిషి డాబా ఎక్కి వడియాలు ఎండబెడుతుంటుంది. అరవై రెండేళ్ల మరొకామె షుగరు, ఊబకాయంతో మంచం దిగడానికే ఆయాసపడుతుంటుంది. మత్తు ఇవ్వడానికి డాక్టరు ఎవరి విషయంలో ఎక్కువ జంకాలి? గుండె, రక్తహీనత, నడక, తిండి, మతిమరుపు ముందే చూసి సరిచేసుకుంటే, చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీతో చేస్తే, పెద్దవాళ్లూ బాగానే లేచి తిరుగుతారు. నిజంగా తట్టుకోలేని వాళ్లకు రేడియేషన్, హార్మోన్ మందులు ఉన్నాయి.

విడ్డూరం ఏమిటంటే, అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.3 శాతమైతే మన ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. తెల్లబట్ట అవుతోందని ముప్ఫై అయిదేళ్లకే టేబులెక్కించడానికి రాని సంకోచం, క్యాన్సర్ తేలిన డెబ్బై ఏళ్ల మనిషి దగ్గరే వస్తోంది.

డబ్బు సాకు కూడా మునుపటంత బలంగా లేదు. డెబ్బై దాటిన వారికి ఆదాయంతో పనిలేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ ఏటా 5 లక్షల రూపాయల వరకు వర్తిస్తోంది. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో క్యాన్సర్ కేంద్రమూ ఉంది. ఇంటింటికీ వచ్చే ఆరోగ్య సిబ్బంది నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల గురించి అడుగుతున్నారు. ముట్లాగిన వాళ్లను ఇంకో మాట కూడా అడగాలి: 'మళ్లీ ఎర్రబట్ట ఏమైనా కనిపించిందా అమ్మా?' ఇక ఆస్పత్రిలో, కొడుకుతో మాట్లాడే ముందు డాక్టరు ఆ బెంచీ మీది తల్లిని లోపలికి పిలవాలి.