అబ్బాయిల సెక్షన్‌లో కొనేటప్పుడు టేపు దగ్గరుంచుకోండి
ఆడపిల్లకు గులాబీ రంగూ తళుకులూ లేని బట్టలు చవగ్గా కావాలంటే దుకాణంలో అబ్బాయిల వైపు వెతకమన్నారు ఒక వ్యాసంలో. టీషర్టుల వరకు ఒప్పుకుంటాను. ఏడెనిమిదేళ్ల లోపు ఒంటి కొలతల్లో పెద్ద తేడా ఉండదు, అబ్బాయిల టీషర్టుకు చేతులు కాస్త పొడుగు, వదులు, అంతే. చిక్కల్లా ప్యాంట్లతోనే. లేబుల్ మీద వయసును నమ్మకండి. పాపకు సరిగ్గా సరిపోతున్న ప్యాంటును నేల మీద పరిచి నడుము, తొడ వెడల్పు, లోపలి కాలి పొడవు కొలిచి, ఆ అంకెలతో కొత్తదాన్ని పోల్చండి. నడుము పట్టీ లోపల కాజాలున్న ఎలాస్టిక్ ఉంటే ఒక సైజు పెద్దది తీసుకున్నా బిగించుకోవచ్చు. కింది అంచు మడతలో రెండు అంగుళాల గుడ్డ ఉంటే తర్వాత దించుకోవచ్చు. కాకపోతే జీన్స్‌కి పాత మడత దగ్గర తెల్లగీత పోదు. జేబులో చెయ్యి పెట్టి మరీ చూడండి, అమ్మాయిల ప్యాంట్లకు చాలాసార్లు పైన కుట్టే తప్ప లోపల సంచి ఉండదు! ఎవరైనా ఇచ్చిన గులాబీ టీషర్టుకు ముదురు నీలం అద్దకం వేయిస్తే అన్నిటికన్నా చవక, అదీ అచ్చమైన నూలైతేనే. పాలిస్టర్ దారంతో వేసిన కుట్లు మాత్రం గులాబీగానే మిగిలిపోతాయి.