అకల్ట్: దాచిన విద్య కాదు, దొరకని కారణం

అకల్ట్ అనే ఇంగ్లిష్ మాట వినగానే చేతబడి, క్షుద్రపూజలు గుర్తొస్తాయి. ఈ మాటకు అంత చెడ్డపేరు రావడం అన్యాయం. లాటిన్‌లో 'ఒక్కులెరే' అంటే కప్పిపెట్టడం, 'ఒక్కుల్టుస్' అంటే కప్పబడినది. అందులో మంత్రమూ లేదు, దెయ్యమూ లేదు. చంద్రుడు అడ్డొచ్చి నక్షత్రం కనుమరుగైతే ఖగోళ శాస్త్రంలో ఇప్పటికీ అకల్టేషన్ అంటారు. మలంలో కంటికి ఆనని రక్తాన్ని డాక్టర్లు అకల్ట్ బ్లడ్ అనే రాస్తారు.

మధ్యయుగపు యూరప్ పండితులకు ఇది శాస్త్రపదం. వేడి, చలువ, తడి, పొడి ఇంద్రియాలకు తెలిసే గుణాలు. మరి అయస్కాంతం ఇనుమును లాగుతోంది, ఏ గుణం వల్ల? తాకినా తెలియదు, రుచి చూసినా తెలియదు. రుద్దిన అంబరు (గట్టిపడిన పాతకాలపు చెట్టు జిగురు) గడ్డిపోచలను లాగడం, టార్పీడో చేప తగిలితే చెయ్యి తిమ్మిరెక్కడం కూడా ఇలాంటివే. ఫలితం కళ్లెదుటే ఉంది, కారణం మాత్రం చిక్కడం లేదు. అందుకే వాటిని అకల్ట్ గుణాలన్నారు. జరుగుతున్నదాన్ని కాదనకుండా, ఎందుకో తెలియదని ఒప్పుకోవడం ఇది. దీన్ని నేను నిజాయతీ అంటాను.

అయితే ఆ పేరునే జవాబుగా చెప్పుకోవడం మొదలయ్యాక చిక్కొచ్చింది. నల్లమందు నిద్రపుచ్చేది అందులోని నిద్రపుచ్చే శక్తి వల్ల అంటే ఏం తెలిసినట్టు? అందుకే 17వ శతాబ్దానికి అకల్ట్ అనడం ఒక నింద అయింది. న్యూటన్ చెప్పిన గురుత్వాకర్షణను అకల్ట్ గుణమని ఆక్షేపించినవాడు జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ అంతటి మేధావి. 1713 నాటి తన గ్రంథం 'ప్రిన్సిపియా' రెండో ముద్రణలో న్యూటన్ జంకకుండా రాశాడు: గురుత్వానికి కారణం నాకు దొరకలేదు, ఊహలు అల్లను, అది ఉంది, నియమాల ప్రకారం పనిచేస్తోంది, అది చాలు. ఆ మాటలో పాత పండితుల నిజాయతీ ఉంది, వాళ్ల దగ్గర లేని గణితమూ ఉంది.

ఇంకో దారిలో ఈ పదం మరోలా మారింది. 1533లో జర్మన్ పండితుడు అగ్రిప్పా గుప్త (అకల్ట్) తత్వంపై రాసిన మూడు భాగాల గ్రంథం పూర్తిగా అచ్చయింది. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో మంత్రవిద్యపై పుస్తకాలు రాసిన ఎలిఫాస్ లెవీ, 1875లో న్యూయార్క్‌లో దివ్యజ్ఞాన సమాజాన్ని స్థాపించినవారిలో ఒకరైన బ్లావట్‌స్కీ ఈ మాటను జనంలోకి తెచ్చారు. ప్రకృతిలో దాగిన కారణం కాస్తా మనుషులు దాచిన విద్య అయింది. మొదటిదాన్ని ఎవరైనా వెతకొచ్చు, రెండోదానికి గురువు, దీక్ష కావాలి. నష్టం జరిగింది ఇక్కడే.

ఇవాళ గెలాక్సీల చలనాన్ని చూసి, కనిపించని పదార్థమేదో ఉందని భౌతిక శాస్త్రవేత్తలు లెక్కకడుతున్నారు. దాని ఆకర్షణ తెలుస్తోంది, అదేమిటో తెలియడం లేదు. డార్క్ మ్యాటర్ అన్నారు గానీ, పాత అర్థంలో అది అచ్చంగా అకల్టే.