బల్ల కింద పెట్టిన సీసా

ఇక్కడ కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో మన తెలుగు సంఘం దీపావళి కార్యక్రమం ముగిశాక, ఆ రాత్రి ఒక ఇంటి బేస్‌మెంట్‌లో, ఒక అబ్బాయి తెచ్చిన సీసా విషయంలో జరిగింది మీలో చాలామంది చూశారు. చూడనివారికి ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, అదీ నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు. నెల దాటినా అది మనసులోంచి పోవడం లేదు.

ఆ అబ్బాయి ఇక్కడికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. పొద్దున ఎనిమిదింటి నుంచి హాల్లో కుర్చీలు వేశాడు, పిల్లల నాటికకు మైకులు సర్దాడు, పంక్తిలో పులిహోర వడ్డించాడు, అందరూ వెళ్లాక చెత్త సంచులు మోశాడు. కార్యవర్గం వాళ్లతో కూర్చోవడానికి రమ్మని మొదటిసారి పిలిస్తే, ఉత్తచేతులతో వెళ్లడం మర్యాద కాదనుకుని దారిలో ఆగి ఒక సీసా కొనుక్కొచ్చాడు. ఎవాన్ విలియమ్స్ బోర్బన్, అంటే మొక్కజొన్న ప్రధానంగా చేసే అమెరికా విస్కీ, తెల్ల చీటీ (లేబుల్) ఉన్నది. మా లూయివిల్‌లో 20 డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. రెండు చేతులతో పట్టుకుని అందించాడు. అందుకున్న పెద్దాయన చీటీ చూశారు. "కోక్‌లో కలుపుకోవడానికి పనికొస్తుందిలే బాబూ" అని పక్కవారికి కన్ను గీటి, దాన్ని బల్ల కింద ఐస్ పెట్టె పక్కన పెట్టేశారు. బల్ల మీద, మూతపై గుర్రపు రౌతు బొమ్మ ఉన్న బ్లాంటన్స్ అనే ఖరీదైన బోర్బన్ ఉంది. దాన్ని చేతుల్లో పట్టుకుని అప్పటికే నలుగురు ఫోటోలు దిగారు. అబ్బాయి కూడా అందరితో పాటు నవ్వాడు. అరగంట గడవకముందే ఏదో పని ఉందని వెళ్లిపోయాడు. నేను అక్కడే, రెండు కుర్చీల అవతల ఉన్నాను. ఒక్క మాట అనలేదు. ఆ రోజు అనవలసిన మాట ఇప్పుడు రాస్తున్నాను.

ముందే చెప్పాలి, ఆ పెద్దాయన చెడ్డవారు కారు. మా నాన్నగారు పోయినప్పుడు అర్ధరాత్రి నాకు విమానం టికెట్టు తీయించి, విమానాశ్రయం దాకా దిగబెట్టింది ఆయనే. ఈ ఊళ్లో ఆయన సాయం అందుకోని తెలుగు ఇల్లు తక్కువ. అంత పెద్దమనసున్న మనిషి నోటి వెంట ఆ మాట ఎందుకు వచ్చిందా అని చాలా ఆలోచించాను.

చవక మందు అంటే మనకు భయం ఉంది. దానికి కారణమూ ఉంది. మనలో నలభై దాటిన వాళ్లకు సారా ప్యాకెట్లు గుర్తుండే ఉంటాయి. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే సారా దుకాణంలో కరిగిపోతుంటే, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చేదాకా ఆగలేదు. రెండేళ్లకే ఆ నిషేధం సడలిపోయింది, అది వేరే కథ. మా అమ్మకు ఇప్పటికీ సీసా అంటే సీసానే. అందులో ఏముందన్నది ఆమెకు అనవసరం. ఆమెను నేను తప్పుపట్టను. ఆ తల్లుల పిల్లలమైన మనం పెద్దయ్యాక, దేశం దాటాక, ఒక దారి వెతుక్కున్నాం. చవకది తాగితే తాగుడు, ఖరీదైనది తాగితే హోదా. సీసా ధర ఎంత పెరిగితే మన మీద మచ్చ అంత తగ్గుతుందనుకున్నాం. ఆ రాత్రి పెద్దాయన బల్ల కింద పెట్టింది బోర్బన్‌ను కాదు, మన ఊరి సారా దుకాణం జ్ఞాపకాన్ని.

అయితే కెంటకీలో చవక అనే మాటకు అర్థం అది కాదు. ఇక్కడ బతుకుతున్న మనకైనా ఇది తెలియాలి. 19వ శతాబ్దంలో ఇక్కడా అదే బాగోతం. పచ్చి స్పిరిట్‌లో రంగు కోసం పొగాకు రసం లాంటివి కలిపి విస్కీ అని అమ్మేవారు. కర్నల్ టేలర్ అనే డిస్టిలరీ యజమాని, అప్పటి ఖజానా మంత్రి కార్లైల్ పట్టుబట్టి 1897లో 'బాటిల్డ్ ఇన్ బాండ్' చట్టం తెచ్చారు. ఆహార, ఔషధ కల్తీ మీద అమెరికా జాతీయ చట్టం రావడానికి మరో 9 ఏళ్లు పట్టింది. అంటే ఈ దేశం అన్నానికి, ఔషధాలకు ఆ పూచీ ఇవ్వకముందే విస్కీకి ఇచ్చింది. ఆ ముద్ర ఉన్న సీసాలో ఉన్నది ఒకే డిస్టిలరీలో, ఒకే కాలంలో దించినదై ఉండాలి. ప్రభుత్వ నిఘా ఉన్న గిడ్డంగిలో కనీసం 4 ఏళ్లు పీపాలో నిలవ ఉండాలి. సరిగ్గా 50 శాతం ఆల్కహాల్ దగ్గర నింపాలి. ఆ అబ్బాయి తెచ్చిన తెల్ల చీటీ మీద ఉన్నది ఆ ముద్రే. చీటీ చూసి ధర లెక్కేసినవారు దాని మీది 'బాటిల్డ్ ఇన్ బాండ్' అన్న ఆ మూడు మాటలు చదవలేదు.

ఇక బోర్బన్ అనిపించుకోవాలంటే 20 డాలర్లదైనా 2,000 డాలర్లదైనా నియమాలు ఒకటే. ధాన్యంలో సగానికి పైగా, కనీసం 51 శాతం, మొక్కజొన్న. లోపల మంటతో కాల్చిన కొత్త ఓక్ పీపా. రంగు కలపకూడదు, రుచి కలపకూడదు. వనిల్లా పరిమళం, పాకం తీపి, ఎండుకొబ్బరి లాంటి వాసన, అన్నీ ఆ కాలిన కర్ర ఇచ్చినవే. ఇక్కడి వేసవికి మద్యం కర్రలోకి ఇంకుతుంది, చలికాలానికి వెనక్కి వస్తుంది. పాతికేళ్లు ఉంచితే పాతిక రెట్లు బాగుంటుందని కూడా లేదు. పీపాలో చాలా భాగం ఆవిరైపోతుంది, మిగిలినదాన్ని కర్ర చేదు కమ్మేయవచ్చు. చాలా సీసాలకు అంత ఖరీదు వచ్చింది అవి సులువుగా దొరకకపోవడం వల్ల, దొరకనివాటి కోసం జనం ఎగబడటం వల్ల. ఇక్కడ పాతిక డాలర్లకు చేతికొచ్చే జిమ్ బీమ్ బోర్బన్ హైదరాబాద్‌లో గొప్పింటి సీసా అయిపోతుంది. కారణం అక్కడి దిగుమతి సుంకం. 2025 ఫిబ్రవరిలో 150 శాతం నుంచి 100కి తగ్గినప్పుడు కూడా అది మామూలు భారం కాదు. సముద్రం దాటితే రుచి మారదు, చీటీ మీద అంకె మారుతుంది.

ఆ సీసాను ఆ రాత్రి ఎవరూ తెరవలేదు. వస్తూ వస్తూ అడిగి మా ఇంటికి తెచ్చుకున్నాను. మూడు వారాల తర్వాత ఒక శనివారం సాయంత్రం ఏడుగురిని పిలిచాను. బేస్‌మెంట్‌లో కాదు, పైన భోజనాల బల్ల దగ్గర. ఆ అబ్బాయి వచ్చాడు. ఆ రోజు నవ్విన వారిలో ఒక బావగారు వచ్చారు. ఇద్దరు వదినలు కూడా గ్లాసు పట్టుకున్నారు. మా ఇంట్లో అది మొదటిసారి.

ఎవాన్ విలియమ్స్, వైల్డ్ టర్కీ 101, మేకర్స్ మార్క్, ఒక మిత్రుడు పంపిన బ్లాంటన్స్. నాలుగింటికీ మా ఆవిడ కాగితం సంచులు తొడిగి, గ్లాసుల అడుగున అంకెలు అంటించింది. ఏది ఏదో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు, నాకు కూడా. ఘాటును బట్టి పట్టేయకుండా, 50 శాతం దాటి ఉన్న టర్కీకి, 50 ఉన్న ఎవాన్‌కు కొన్ని చుక్కల నీళ్లు కలిపింది. ఒక్కొక్కరికి ఒక్కో దాంట్లో 15 మిల్లీలీటర్లు, అంతే. ఐస్ లేదు, సోడా లేదు, కారం మిక్చర్ లేదు. నోరు కడుక్కోవడానికి మంచినీళ్లు, ఉప్పు లేని మరమరాలు. చికెన్ వేపుడు లెక్క తేలాకే.

మొదట అందరూ మనకు అలవాటైనట్టు ఒక్క గుక్కలో పోయబోయారు. ఆగమన్నాను. ముందు వాసన చూడమన్నాను, నోరు కొంచెం తెరిచి, ముక్కు గ్లాసు అంచు దగ్గర ఉంచి. కాసేపు గది నిశ్శబ్దమైపోయింది. తాగని మా ఆవిడ మూడో గ్లాసు వాసన చూసి, "ఇది వేరుశనగ చిక్కీ పాకం మాడబోయే ముందు వచ్చే వాసన" అంది. అంతే, అందరూ నోళ్లు విప్పారు. ఒక వదిన ఒకటో గ్లాసు దాల్చినచెక్క అన్నారు, తర్వాత మిరియాలు అన్నారు. ఇంకొకరు రెండోది పాలకోవాలా మెత్తగా ఉందన్నారు. ఇన్నేళ్లుగా కలిసి తాగుతున్నాం కదా, ఏ సీసా గురించీ ఇంత మాట్లాడుకోలేదు. ధర తప్ప.

సంచులు తీశాం. ఒకటో గ్లాసు టర్కీ. అందులో రై ధాన్యం ఘాటు ఉంటుంది. రెండోది మేకర్స్, రై బదులు గోధుమ వేస్తారు, ఆ మెత్తదనం అదే. చిక్కీ వాసన ఎవాన్‌ది. నాలుగోది బ్లాంటన్స్. ఏడుగురిలో ఇద్దరు దాన్ని మొదట పెట్టారు, ముగ్గురు టర్కీని, ఒకరు ఎవాన్‌ను. బావగారు ఖరీదైనది ఇదేనని టర్కీని చూపించి గట్టిగా వాదించారు. ఆ అబ్బాయి మేకర్స్‌ను మొదట పెట్టి, తాను తెచ్చిన సీసాను మూడో స్థానంలో పెట్టాడు. నాకు అది చాలా నచ్చింది. బ్లాంటన్స్ చెడ్డదని నేను అనను. బాగుంది. మిగతావాటికంటే మూడు రెట్లు, నాలుగు రెట్లు బాగుందని అక్కడ ఎవరూ అనలేదు.

రుచిని పోల్చి చెప్పడం మనకు కొత్త విద్య కాదు. ఊరిని గొప్ప చేసి చెప్పాలని కాదు గానీ, మా తాత కల్లు తాగే తీరు నాకు గుర్తుంది. పొద్దున్నే మోకు భుజాన వేసుకుని గీత కార్మికుడు చెట్టు దిగి లొట్టి వంచితే, తాత తాటాకు దొప్ప పట్టి ఒక్క గుటక వేసి, కాసేపు నోట్లో ఉంచుకునేవాడు. "ఇది చెరువుగట్టు చెట్టుదిరా" అనేవాడు. పోతుతాడు (మగ తాటిచెట్టు) కల్లా, పెంటితాడు (ఆడ తాటిచెట్టు) కల్లా అన్నదీ చెప్పేవాడు. పొద్దున దించింది మధ్యాహ్నానికి ఎంత పులుస్తుందో ఆయన నాలుకకు తెలుసు. ధర ఎంత అని ఆయన అడగగా నేను వినలేదు. ఆవకాయ జాడీ తీసినప్పుడు మన అమ్మలు చేసేదీ ఇదే కదా. ఆవపిండి ఎక్కువైందా, నూనె ఎక్కడిది, కాయ పుల్లదేనా అని నాలుగిళ్ల ఆవకాయ నాలుగు వేళ్లతో రుచి చూసి తీర్పు చెబుతారు. ఏ జాడీ ధర ఎంతని ఎవరూ అడగరు. ఆ నాలుకను మనం విమానం ఎక్కేటప్పుడు ఎక్కడ వదిలేశామో నాకు తెలియదు.

తాగని వారిని తాగమనడం లేదు. తాగితే కొంచెమే తాగండి, ఇంటికి కారు నడిపేది తాగని వారే కావాలి. ఆ భారం ప్రతిసారీ పైన పిల్లలను జోకొట్టుకుంటూ కూర్చున్న ఆడవాళ్ల మీదే వేయకండి. దాతల విందులో, బయట దొరకని సీసాను వేలం వేసి చందాలు పోగుచేయాలన్న ప్రతిపాదన కార్యవర్గం ముందుందని విన్నాను. దయచేసి వద్దు. చందా కావాలంటే నేను ఇస్తాను, నాతోపాటు మరో నలుగురిని అడుగుతాను.

సంక్రాంతి ముగ్గుల పోటీల తర్వాత ఎలాగూ ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటాం. ఆ రోజు బల్ల మీదకు వచ్చే ప్రతి సీసాకూ, ఎవరు తెచ్చినా, గుమ్మం దగ్గరే కాగితం సంచి తొడగనివ్వండి. సంచులు నేను తెస్తాను. ఆ అబ్బాయిని పిలిచాను, వస్తానన్నాడు. ఈసారి ఏ సీసా తేవాలని అడిగితే, నీకు నచ్చింది తెమ్మన్నాను.